ప్రధాన సంఖ్యలకు వరస లేదని పిల్లలకు చెప్పకండి

మా అక్క కూతురు పదో తరగతి చదువుతోంది. అక్కావాళ్ళు గూడూరులో ఉంటారు. పిల్ల మాత్రం చదువు కోసం చెన్నైలో, వేళచ్చేరిలో మా ఇంట్లోనే ఉంటుంది. ఈమధ్య ఒక సాయంత్రం యూనిట్ టెస్ట్ పేపరు తెచ్చి సంతకం కోసం నా ముందు పెట్టింది. పాతికకి ఇరవై మూడు మార్కులు. ఒక ప్రశ్న ఇది: మొదటి పదం 5, పదాంతరం 6 అయితే అంకశ్రేఢిలో మొదటి అయిదు పదాలు రాయండి. 5, 11, 17, 23, 29 అని రాసింది, మార్కులు పడ్డాయి. వాటి కింద పెన్సిలుతో చిన్న అక్షరాల్లో "అన్నీ ప్రైమ్ నంబర్సే, ఎందుకు?" అని ఇంకో ముక్క రాసుకుంది. ఆ ముక్కని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పక్కన "అనవసరం" అని రాశారు.

అడిగితే చెప్పింది. "క్లాసయ్యాక మిస్ దగ్గరికెళ్ళి కూడా అడిగాను మామయ్యా. ప్రైమ్స్‌కి పాటర్న్ అంటూ ఏదీ ఉండదు, ఇది ఊరికే అలా కుదిరింది, ముందు పోర్షన్ చూసుకో అన్నారు."

పోయిన రెండు మార్కుల సంగతి నేను అడగనే లేదు. ఆ ఎర్ర గీత దగ్గరే ఆగిపోయాను. ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదంటే నమ్మండి. పిల్ల అడిగింది మంచి ప్రశ్న. దానికి సగం జవాబు పదో తరగతి పిల్లకి పది నిమిషాల్లో చెప్పగలిగింది. మిగతా సగం కోసం రెండొందల ఏళ్ళుగా పెద్ద పెద్దవాళ్ళు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. అలాంటి ప్రశ్నని అనవసరం అనేశారు.

నేను నెల్లూరులో తెలుగు మీడియంలో చదివి, లెక్కల్లో బీఎస్సీ చేసి, ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళయింది. బీచ్ స్టేషన్ దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో పని. దిగుమతి కాగితాలు, కంటైనర్ నంబర్లు, ఇదే రోజంతా. చదివిన గణితంలో నా చేతికి రోజూ తగిలేది ఒకే ఒక్కటి, శేషం. ప్రతి కంటైనర్ మీదా నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక తనిఖీ అంకె ఉంటాయి. అక్షరాలకీ అంకెలకీ విలువలిచ్చి, వరసగా 1, 2, 4, 8 అని రెట్టింపవుతూ పోయే సంఖ్యలతో గుణించి, మొత్తం కూడి, 11తో భాగిస్తే మిగిలేదే ఆ చివరి అంకె. 10 మిగిలితే 0 వేస్తారు. టైపు కొట్టేటప్పుడు ఒక అంకె తప్పితే దాదాపు ఎప్పుడూ దొరికిపోతుంది, ఎందుకంటే 11 ప్రధాన సంఖ్య. పిల్ల ప్రశ్నకి జవాబు కూడా ఈ శేషంలోనే ఉంది.

మర్నాడు వంటింటి తలుపు పక్కనున్న క్యాలెండర్ ముందు నిలబెట్టాను. "మూడో తారీకు ఏ వారమో, అదే వారం ఇంకెప్పుడెప్పుడు వచ్చిందో చదువు" అన్నాను. 3, 10, 17, 24, 31. ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే 3, 17, 31. మూడూ ప్రధాన సంఖ్యలే, ఒక్కోదానికీ మధ్య తేడా 14. "ఇంకో అడుగు వెయ్" అన్నాను. 45. అది 3 గుణిజం.

"ఇది కూడా ఊరికే అలా అయిందా?" అనడిగితే కాసేపు చూసింది. 14ని 3తో భాగిస్తే 2 మిగులుతుంది. అంటే అడుగు వేసినప్పుడల్లా శేషానికి 2 కలుస్తుంది. 3కి శేషం 0. 17కి 2. 31కి 1. ఆ తర్వాత మళ్ళీ 0 రాక తప్పదు. ఉన్నవే మూడు శేషాలు, మూడు అడుగుల్లో మూడూ తిరిగొస్తాయి. పదాంతరం 3 గుణిజం కాకపోతే, ఏ మూడు వరస పదాలు తీసుకున్నా అందులో ఒకటి 3 గుణిజమే. అది ప్రధాన సంఖ్య కావాలంటే స్వయంగా 3 అయి ఉండాలి.

ఇదే మాట 2కీ వర్తిస్తుంది, 5కీ, 7కీ. అంచేత నాలుగైదు ప్రధాన సంఖ్యలు సమాన దూరంలో నిలబడాలంటే ఆ దూరాన్ని 2, 3 రెండూ భాగించాలి. అంటే 6 గుణిజం. టెస్టులో పదాంతరం 6 ఇచ్చారు, కాబట్టి ఆ తలుపు తెరిచే ఉంది. ఇక 6ని 5 భాగించదు గనక ప్రతి అయిదు పదాల్లో ఒకటి 5 గుణిజం అవుతుంది. ఇక్కడ ఆ గుణిజం 5 తనే, అదీ మొదటి పదంలోనే. అందుకే అయిదు పదాల దాకా అడ్డు లేదు. ఆరోది 35. అక్కడ ఆగడం రాసిపెట్టి ఉన్నట్టే. ఆరు పదాలు కావాలంటే పదాంతరం 30 గుణిజం అయి తీరాలి. ఏడు దాటాలంటే 210 గుణిజం కావాలి. నిజంగానే 199 నుంచి మొదలుపెట్టి 210 చొప్పున కలుపుకుంటూ పోతే 409, 619, 829 అలా 2089 దాకా పది పదాలు, పదీ ప్రధాన సంఖ్యలే.

మిస్ అన్న మాటలో కొంత నిజం ఉందని కూడా ఒప్పుకోవాలి. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన లోపల ప్రధాన సంఖ్యలు ఉంటాయని హామీ లేదు. 7తో మొదలెట్టి అదే 6 కలుపుకుంటూ వెళ్ళండి: 7, 13, 19, 25. నాలుగో అడుగులోనే ఆట అయిపోయింది. కాబట్టి 5, 11, 17, 23, 29లో కొంత తప్పనిసరి, కొంత కుదరడం. నా గొడవంతా ఇక్కడే. ఏది ఎంతవరకు తప్పనిసరి, ఎక్కణ్ణుంచి కుదరడం అని విడదీసి చూడటమే గణితం. మొత్తానికి "ఊరికే" అని పేరు పెడితే ఆ పని మొదలే కాదు.

ప్రధాన సంఖ్యలకు వరస లేదన్న మాట మా చిన్నప్పుడూ విన్నాం. అది నిజం కాదు. 2, 5 పక్కన పెడితే ప్రతి ప్రధాన సంఖ్యా 1, 3, 7, 9 లలో ఒక అంకెతో ముగుస్తుంది. ఇది పిల్లలకి తెలుసు. కానీ ఈ నాలుగు అంకెల్లో ప్రతిదానితోనూ ముగిసే ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉంటాయా? 7తో ముగిసేవి ఎక్కడో ఒకచోట అయిపోవచ్చు కదా? అయిపోవని 1837లో జర్మన్ గణితజ్ఞుడు డిరిక్లే నిరూపించాడు. మొదటి పదానికీ పదాంతరానికీ 1 తప్ప వేరే సామాన్య భాజకం లేకపోతే చాలు, ఆ అంకశ్రేఢిలో ప్రధాన సంఖ్యలకు అంతుండదు. 1896లో డి లా వలే పూసా ఇంకో అడుగు వేసి, దూరం వెళ్ళేకొద్దీ వాటాలు సమానమవుతాయని తేల్చాడు. మన నాలుగు అంకెలకీ నాలుగో వంతు చొప్పున. వరస లేదన్నవాళ్ళు ఈ సమాన వాటాల్ని ఏమంటారో నాకు తెలీదు.

ఇందులో నాకు మరీ ఇష్టమైన సంగతొకటి చెప్తాను. యూక్లిడ్ పద్ధతి అందరికీ తెలిసిందే. ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ గుణించి 1 కలిపితే, వచ్చినదాని కారణాంకాల్లో కొత్త ప్రధాన సంఖ్య ఉండి తీరుతుంది. దీన్నే కాస్త మార్చి, 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్యలు అనంతమని కూడా చూపొచ్చు. చేసి చూడండి. 3, 7, 11 తీసుకోండి. మూడింటినీ గుణించి, 4తో గుణించి, 1 తీసెయ్యండి. 924లో 1 పోతే 923. దీన్ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది. శేషం 1 వచ్చే సంఖ్యల్ని ఎన్నిటిని గుణించినా శేషం 1 తప్ప రాదు. కాబట్టి 923 కారణాంకాల్లో కనీసం ఒక్కటైనా శేషం 3 వచ్చేది ఉండి తీరాలి. ఉంది: 923 అంటే 13 ఇంటూ 71. ఆ 71ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది. మన జాబితాలో లేని కొత్త సంఖ్య దొరికింది.

ఇంత తేలిక పద్ధతి అన్ని శ్రేఢులకీ పనికొస్తుందా? శేషాన్ని దానితో దాన్నే గుణించి, పదాంతరంతో భాగించినప్పుడు 1 మిగిలితే ఇలాంటి నిరూపణ కుదురుతుందని 1912లో షూర్ చూపించాడు. అలా మిగలకపోతే కుదరనే కుదరదని 1988లో నిరూపించింది ఎవరో తెలుసా? గుంటూరులో పుట్టి కెనడాలో స్థిరపడిన రామ్ మూర్తి గారు. ఆ వ్యాసం అచ్చయింది మద్రాసు యూనివర్సిటీ జర్నల్లో. మన చివరి అంకెలకే పెట్టి చూడండి. 9 ఇంటూ 9 అంటే 81, పదితో భాగిస్తే 1 మిగులుతుంది. కాబట్టి 1తోనూ 9తోనూ ముగిసే ప్రధాన సంఖ్యలకి యూక్లిడ్ దారి ఉంది. 3 ఇంటూ 3 అంటే 9. 7 ఇంటూ 7 అంటే 49, 9 మిగులుతుంది. ఆ రెంటికీ ఆ దారి మూసేసి ఉంది, డిరిక్లే కష్టపడి వేసిన పెద్ద రోడ్డు ఎక్కాల్సిందే. అయిదో తరగతి పిల్లకి అర్థమయ్యే ప్రశ్నకి జవాబు ఇంత తేడాగా చీలిపోవడం నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిచే విషయం. మన గుంటూరాయన పని, మేముండే ఊరి జర్నల్లో. ఇది తెలుగు పిల్లలకి ఎవరూ చెప్పరు.

వరస కనబడగానే నమ్మెయ్యమని కూడా నేను అనను. ఈ ఊళ్ళో న్యూమరాలజీ చెప్పినట్టు పేరులో ఒక అక్షరం పెంచుకున్నవాళ్ళు నాకు తెలుసు, మా చుట్టాల్లోనే ఉన్నారు. సంఖ్యల్లో ఏదో కనబడటానికీ, అది నిజం కావడానికీ మధ్య దూరం చాలా ఉంటుంది. ప్రధాన సంఖ్యలంత బాగా ఆ దూరాన్ని చూపించేది మరొకటి లేదు. 100 లోపు లెక్కపెట్టండి: 4తో భాగిస్తే 3 మిగిలేవి 13, 1 మిగిలేవి 11. మొదటి జట్టే ముందుంది. వెయ్యి దాకా వెళ్ళండి, పదివేల దాకా వెళ్ళండి, మొదటి జట్టు ఒక్కసారి కూడా వెనకబడదు. 1853లోనే చెబిషెవ్ దీన్ని గమనించాడు. ఇంకెవరైనా అయితే ఇదే నియమం అని రాసేసుకుంటారు. కానీ 26,861 దగ్గర రెండో జట్టు ఒక్క అడుగు ముందుకొస్తుంది. వెంటనే 26,863 కూడా ప్రధాన సంఖ్యే, అది మొదటి జట్టుది, మళ్ళీ సమానం. ఇలా ఇద్దరూ ఒకరినొకరు దాటుకోవడం అనంతంగా జరుగుతూనే ఉంటుందని 1914లో లిటిల్‌వుడ్ నిరూపించాడు. అలాగని చెబిషెవ్ చూసింది భ్రమ కాదు. మొదటి జట్టుకి నిజంగానే మొగ్గు ఉంది. దాన్ని ఎలా కొలవాలో 1994లో రూబిన్‌స్టైన్, సార్నాక్ చూపించారు. కనబడిందాన్ని నమ్మెయ్యలేదు, పారెయ్యనూ లేదు. నూట నలభై ఏళ్ళు దాని వెంట పడ్డారు.

నేను రోజూ ఎక్కే రైలు వేళచ్చేరి నుంచి బీచ్ దాకా వెళ్తుంది. తరమణి దాటుతుంది, అక్కడ గణితశాస్త్రాల సంస్థ ఉంది. తిరువల్లిక్కేణి దాటుతుంది, అక్కడి వీధుల్లోనే రామానుజన్ కాపురమున్నాడు. తిరువల్లిక్కేణి దాటుతుంది, అక్కడి వీధుల్లోనే రామానుజన్ కాపురమున్నాడు. నేను దిగే చోటికి ఎదురుగా హార్బరు. అక్కడ పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉండగానే ఆయన 1913 జనవరి 16న కేంబ్రిడ్జ్ గణితజ్ఞుడు హార్డీకి ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరం గురించి అందరూ గొప్పగా చెప్తారు. ప్రధాన సంఖ్యల గురించి అందులో రాసింది తప్పని మాత్రం ఎవరూ చెప్పరు. ఒక సంఖ్య లోపు ఎన్ని ప్రధాన సంఖ్యలు ఉంటాయో కచ్చితంగా చెప్పే సూత్రం దొరికిందనుకున్నాడు. అది అంత కచ్చితం కాదు. హార్డీ, లిటిల్‌వుడ్ కలిసి చదివారు, అనుమానం వచ్చింది. అప్పుడు హార్డీ ఏం చేశాడు? ఫిబ్రవరి 8న జవాబు రాశాడు, నిరూపణలు పంపమని అడిగాడు. మరుసటి ఏడు మార్చిలో రామానుజన్ ఇక్కణ్ణుంచే ఓడ ఎక్కాడు.

ఉత్తరంలో తప్పున్న ఆ పేరా మీద ఎర్ర గీత గీసి ఊరుకుని ఉంటే? నాకు ఆ ఆలోచన రైల్లో చాలాసార్లు వస్తుంది. మా పిల్ల రామానుజన్ అని నేననడం లేదు. "నిరూపణ ఏదీ?" అని అడగడానికీ "అనవసరం" అనడానికీ ఉన్న తేడా ఎంత పెద్దదో చెప్తున్నాను.

టీచర్ల ఇబ్బంది నాకు తెలియంది కాదు. క్లాసులో నలభై మంది, నెత్తిన బోర్డు పరీక్ష, పోర్షన్ పూర్తికాకపోతే పైనుంచి టెన్షన్. ఆ మిస్ మీద నాకు కోపం కూడా చల్లారిపోయింది. కానీ పేపరు మీద "అనవసరం" రాయడానికి పట్టిన సమయంలోనే "ఆరో పదం చూడు" అని రాయొచ్చు. మాటలు అంతే, సమయం అంతే. పిల్ల 35 చూసేది, 5 మళ్ళీ ఎందుకొచ్చిందని తనే తవ్వుకునేది. జవాబు తెలియకపోతే "నాకు తెలీదు, కనుక్కుందాం" అనొచ్చు. మా నెల్లూరు కాలేజీలో ఒక మాస్టారు అలా అనేవారు. ఆయన చెప్పిన లెక్కలు మర్చిపోయాను గానీ, తెలీదని ఆయన చెప్పిన ప్రశ్నలు మాత్రం ఇంకా గుర్తున్నాయి.

ఇంకా చిన్నపిల్లల్లా జాబితాలు చూస్తే ఏమొస్తుంది అంటారేమో. 2016లో ఇద్దరు గణితజ్ఞులు అదే పని చేశారు. లెమ్కె ఆలివర్ ఒకరు, రెండోవారు మద్రాసులో పెరిగిన సౌందరరాజన్. మొదటి పది కోట్ల ప్రధాన సంఖ్యల్లో చివరి అంకెలు చూశారు. 1తో ముగిసే దాని వెనకే మళ్ళీ 1తో ముగిసేది రావడం పాతిక శాతం ఉండాలని ఎవరైనా అనుకుంటారు. వచ్చింది 18.5 శాతమే. వెనక 3 గానీ 7 గానీ రావడం ఒక్కోటీ 30 శాతానికి దగ్గర. ఒకసారి వచ్చిన అంకె వెంటనే మళ్ళీ రావడానికి ఇష్టపడదన్నమాట. దీనికి వాళ్ళు కారణం ప్రతిపాదించారు గానీ, పూర్తి నిరూపణ లేదు. చూడగలిగేవాడికి ఆ జాబితా ఎప్పటినుంచో కళ్ళెదుటే ఉంది.

మూడేసి ప్రధాన సంఖ్యలు సమాన దూరంలో నిలబడటం అనంతంగా జరుగుతుందని 1939లో వాన్ డెర్ కార్పుట్ నిరూపించాడు. 1944లో దాన్నే లాహోర్ నుంచి ప్రచురించిన సర్వదమన్ చౌలా, అంతకు ముందు వాల్తేరులో మన ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాడే. ఎంత పొడుగు కావాలంటే అంత పొడుగు వరస ఉంటుందని 2004లో గ్రీన్, టావ్ నిరూపించారు. వంద పదాలు కావాలా, ఉంది. లక్ష కావాలా, ఉంది. ఎక్కడుందో చేత్తో చూపించడం మాత్రం వేరే పని. ఇప్పటికి నాకు తెలిసి చూపించగలిగింది 27 పదాలు. 2019లో ప్రైమ్‌గ్రిడ్ అనే స్వచ్ఛంద కంప్యూటర్ల కూటమిలో దొరికింది. మొదటి పదమే 18 అంకెల సంఖ్య. పదాంతరం 22,30,92,870 గుణిజం. అది 2 నుంచి 23 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటి లబ్ధం, అంటే క్యాలెండర్ దగ్గర చూసిన నియమమే ఇంత దూరం నడిచింది.

ఆదివారం మధ్యాహ్నం పిల్లకి ఇదంతా చెప్పి, 7తో మొదలెట్టి ఏడు ప్రధాన సంఖ్యల వరస వెతకమన్నాను. పదాంతరం 30 వేసుకుంది. 7, 37, 67, 97, 127, 157. ఏడోది 187, అంటే 11 ఇంటూ 17. మొహం చిన్నబుచ్చుకుంది. 60, 90, 120 కూడా వేసి చూసింది. 150 దగ్గర ఏడూ కుదిరాయి: 7, 157, 307, 457, 607, 757, 907. ఎనిమిదోది 1057. నేనేమీ అనకముందే "7 ఇంటూ 151" అంది. కాసేపాగి, "అంటే 7 ఇంటూ 1 ప్లస్ 150. దేంతో మొదలెడితే దాని దగ్గరే ఆగిపోవాలి మామయ్యా, ఎంత పెద్దదైనా సరే" అంది.

"మరి 11తో మొదలెడితే పదకొండు వస్తాయా?"

వస్తాయి. అతి చిన్న పదాంతరం 1,53,61,60,080. కాగితం మీద రాసిచ్చాను. 7కి 150 సరిపోయింది, 11కి నూట యాభై మూడు కోట్లా అని నోరు తెరిచింది. 13కీ, 17కీ, 19కీ కూడా కనిపెట్టారని చెప్పాను. అన్నిటికీ ఉంటాయా అనడిగింది. ఉంటాయనే అనుకుంటున్నారు, ఎవరూ నిరూపించలేదు అన్నాను.

ఇంకేమీ అడగలేదు. నోట్‌బుక్ తీసి రెండో పదం 1,53,61,60,091 రాసుకుంది. నిజంగా ప్రధాన సంఖ్యేనా అని తనే చూస్తానంది. చేత్తో చూడాలంటే నాలుగు వేలకు పైగా ప్రధాన సంఖ్యలతో భాగించాలని చెప్పాను, వినిపించుకోలేదు. "2, 3, 5, 7 అక్కర్లేదు మామయ్యా, పదాంతరంలోనే ఉన్నాయిగా" అని నేరుగా 11 దగ్గర మొదలెట్టింది. శేషం 4. 13తో భాగిస్తే 11. 17తో 5. అప్పుడు వాళ్ళమ్మ గూడూరు నుంచి ఫోను చేసింది, పెన్సిలు పేజీల మధ్య పెట్టి లేచింది.